జంటగా తెచ్చుకున్నారు, విడివిడిగా చూశాం: రెండు పెద్ద వయసు కుక్కల దత్తత కేసు

బ్రూనో: మగ లాబ్రడార్, షెల్టర్ అంచనా ప్రకారం 10 ఏళ్ళు, 38 కిలోలు. జూలీ: ఆడ ఇండీ, అంటే మన దేశీ కుక్క, సుమారు 9 ఏళ్ళు, 14.5 కిలోలు. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఉన్న చోటు బెంగళూరు శివార్లలో ఒక షెల్టర్. రావాల్సిన చోటు హైదరాబాద్‌లో సైనిక్‌పురి. మధ్యలో దాదాపు 600 కిలోమీటర్లు.

వీళ్ళను పెంచిన పెద్దాయన ఒంటరిగా ఉండేవారట. ఆయన పోయాక బంధువులు ఇద్దరినీ షెల్టర్‌లో అప్పగించారు. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్ళలేదు. కుక్కపిల్లల కోసం వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వయసు మీద పడిన కుక్కను, అందులోనూ రెండింటిని, తీసుకెళ్దామని వచ్చేవాళ్ళు అరుదు.

తీసుకుందామనుకున్నది రిటైరైన దంపతులు. సార్ బ్యాంకులో, మేడమ్ స్కూల్లో పనిచేశారు. వాళ్ళ పాత కుక్కకు చివరిదాకా వైద్యం చేసింది నేనే. ఫోన్లో ఫోటో చూపించి, "డాక్టర్ గారూ, మా వయసుకు కుక్కపిల్ల వెంట పరిగెత్తలేం. వీళ్ళయితే మాకు తోడు, మేం వీళ్ళకు తోడు" అన్నారు మేడమ్. ఆ ఫోటోలో బ్రూనో, జూలీ ఒకే స్టీలు గిన్నెలో మూతులు పెట్టి తింటున్నారు. ఆ గిన్నె సంగతి తర్వాత చెబుతాను.

ఇద్దరినీ కలిపే ఇస్తాం, విడదీయం అన్నది షెల్టర్ పెట్టిన షరతు. అది న్యాయమైన షరతే. అయితే ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది వేరు. జంట అనే మాట ఒకసారి వినబడ్డాక అందరూ వాళ్ళను ఒక్క ప్రాణిలా చూడటం మొదలుపెడతారు. ఒకదానికున్న జబ్బు రెండోదాని చాటున దాక్కుంటుంది. అందుకే వీళ్ళిద్దరికీ మొదటి రోజు నుంచి రెండు ఫైళ్ళు తెరిచాను. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. కుక్కల పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రాకముందు అడిగినవి

దూరం నుంచి తెచ్చుకునే కుక్క విషయంలో ఫోటోలు పెద్దగా పనికిరావు. వీడియో కావాలి, అదీ శబ్దంతో. బ్రూనో పది నిమిషాలు నడిచి వచ్చాక ఊపిరి తీసుకునే వీడియో ఒకటి అడిగాను. రెండోది వాడు పడుకున్న చోటు నుంచి లేచేటప్పుడు తీసినది. మూడోది జూలీ ఒంటరిగా తింటున్నప్పటిది.

మొదటి వీడియో వినగానే ఆగిపోయాను. గాలి లోపలికి తీసుకునేటప్పుడు బ్రూనో గొంతులో గరగరమని శబ్దం వస్తోంది. మొరుగు కూడా బొంగురుపోయింది. "ముసలాడైపోయాడు కదా" అన్నాడట అక్కడి కేర్‌టేకర్. వయసు మళ్ళిన లాబ్రడార్లలో స్వరపేటిక నరాలు బలహీనపడే జబ్బు తరచుగా కనిపిస్తుంది. ఊపిరి తీసుకునేటప్పుడు తెరుచుకోవాల్సిన తలుపులు సరిగా తెరుచుకోవు. చల్లటి గదిలో పడుకున్న కుక్కలో ఇది బయటపడకపోవచ్చు. అదే కుక్క ఎండలో, భయంతో, ఆయాసంతో ఉంటే ఒంటి వేడి దించుకోలేక ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడమే దానికున్న ప్రధాన దారి, ఆ దారే ఇరుకైపోయింది.

ఈ ఒక్క వీడియో ప్రయాణం ప్లాన్ మొత్తాన్ని మార్చేసింది. మనవళ్ళ సెలవులకు కలిసొస్తుందని కుటుంబం ఏప్రిల్ నెలాఖరు అనుకుంది. మార్చి మొదటి వారం దాటకూడదన్నాను. బెంగళూరు ఎత్తు మీద ఉన్న ఊరు. అక్కడి నుంచి వచ్చిన కుక్క హైదరాబాద్ ఎండకు అలవాటు పడాలంటే కొన్ని వారాలైనా పడుతుంది. ఎండలు ముదిరాక తెస్తే ఆ వ్యవధి ఉండదు.

విడదీసి చూడటం

ఇక జంట సంగతి. ఒకే గదిలో పెట్టారు కాబట్టి కలిసి ఉండే కుక్కలు వేరు, ఒకటి లేకపోతే రెండోది తల్లడిల్లే కుక్కలు వేరు. ఆ తల్లడింపు రెండు వైపులా సమానంగా ఉండాలనీ లేదు. ఇది తెలియకుండా తీసుకొస్తే, మొదటిసారి ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున ఇంట్లో రెండోది తలుపులు గీరేస్తుంది.

కేర్‌టేకర్ ఓపిక గల మనిషి. వీడియో కాల్‌లో నేను చూస్తుండగా ముందు జూలీని బయట తిప్పి తెచ్చాడు. బ్రూనో లోపలే ఉన్నాడు. రెండు నిమిషాల్లో రొప్పు మొదలైంది, చొంగ కారింది, తర్వాత తలుపు గీరడం. జూలీని లోపల ఉంచి బ్రూనోను బయటికి తీసుకెళ్తే అది కాసేపు తలుపు వైపు చూసి, చుట్టుకుని పడుకుంది. అంటే ఆధారపడుతున్నది బ్రూనో. "జూలీకి వాడంటే ప్రాణం" అని షెల్టర్‌లో అందరూ చెప్పింది దీనికి తలకిందులుగా ఉంది.

తర్వాత ఇద్దరినీ కలిపి, వాళ్ళు ఎప్పుడూ చూడని ఆఫీసు గదిలో వదిలారు. జూలీ పక్కనే ఉన్నా బ్రూనో రొప్పు తగ్గలేదు. మరో రోజు అదే గదిలోకి జూలీ లేకుండా కేర్‌టేకర్ వాడితో వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి బ్రూనో ఆయన కాలి మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

దీనికి దగ్గరగా ఒక పాత అధ్యయనం ఉంది. 1996లో అమెరికాలో, జర్నల్ ఆఫ్ కంపారేటివ్ సైకాలజీలో వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే కెన్నెల్‌లో జంటగా బతికిన పెద్ద కుక్కల మీద చేశారు. ఉన్నచోటే ఉంచి జోడీని తీసేస్తే వాటి ఒత్తిడి హార్మోన్లు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కొత్త చోట వదిలితే మాత్రం జోడీ పక్కన ఉన్నా పెరిగాయి. రోజూ చూసుకునే మనిషి పక్కన ఉన్నప్పుడు అలా పెరగలేదు. కొద్ది కుక్కల మీద చేసిన పని కాబట్టి, దీన్ని చూపించి జంటలను విడదీయొచ్చని నేను అనను. కానీ "ఇద్దరూ ఉన్నారుగా, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు" అని కొత్త ఇంట్లో వదిలేయడం తప్పని మాత్రం గట్టిగా చెబుతాను. కొత్త చోట భయపడే కుక్కకు మనిషి కావాలి. మా కేసులో బ్రూనోకు ఆ మనిషి సార్ కావాలని అప్పుడే అనుకున్నాం. ఆయన వరసగా కొన్ని సాయంత్రాలు వీడియో కాల్‌లో వాడితో మాట్లాడి, ముందుగా బెంగళూరు వెళ్ళి షెల్టర్ దగ్గర్లోనే బస చేసి రోజూ వాడిని నడిపించారు. ఫోన్లో గొంతు విని కుక్క గుర్తుపడుతుందని నేను నమ్మను. ఆ నడకలు మాత్రం నిజంగా పనిచేశాయి.

షెల్టర్ వాళ్ళు వాడే మాటలు కూడా రాసుకొమ్మన్నాను. ఇద్దరికీ తెలిసింది కన్నడం: బా (రా), కూత్కో (కూర్చో), ఊట (భోజనం). మొదట్లో సార్ వాళ్ళు అవే వాడారు, తర్వాత మెల్లగా తెలుగులోకి మార్చారు.

ప్రయాణం

రైలు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన రైళ్ళలో కుక్కను వెంట కూర్చోబెట్టుకుని వెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో గది మొత్తం మనదై ఉండాలి. ఇద్దరు పట్టే కూపే గానీ, నలుగురు పట్టే క్యాబిన్ గానీ. కూపే వస్తుందా రాదా అన్నది చార్ట్ తయారయ్యే దాకా తేలదు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుక్కలను అనుమతించరు. మిగిలింది బ్రేక్ వ్యాన్‌లో, అంటే గార్డు, సామాన్లు ఉండే పెట్టెలో, డాగ్ బాక్స్. వేడి, చప్పుడు, పక్కన మనిషి ఉండడు. గొంతు జబ్బున్న ముసలి లాబ్రడార్‌ను అందులో పెట్టడానికి నేను ఏ పరిస్థితుల్లోనూ ఒప్పుకోను. విమానం కార్గో కూడా ఇదే కారణంతో వద్దన్నాను.

కాబట్టి కారు. రాత్రి భోజనాల వేళ బయల్దేరి, నేషనల్ హైవే 44 మీద పెనుకొండ, అనంతపురం, కర్నూలు దాటి, ఎండెక్కేలోపు ఇల్లు చేరేలా ప్లాన్ చేశాం. సార్ మేనల్లుడు, ఇంకో డ్రైవరు మార్చి మార్చి నడిపారు. వెనక సీటు మడిచి మందపాటి ఫోమ్ పరుపు, దాని మీద షెల్టర్‌లో ఇద్దరూ పడుకున్న దుప్పటి, ఉతకకుండా అలాగే. బ్రూనోకు మెడ పట్టీ పూర్తిగా తీసేయించి ఛాతీకి హార్నెస్ వేయించాను. మెడ మీద ఏ ఒత్తిడి పడినా వాడి గొంతుకు ప్రమాదం.

ఇద్దరికీ మధ్య వల కట్టించాను. మేడమ్‌కు అది నచ్చలేదు. కారణం ఇదీ: 38 కిలోల కుక్క కంగారులో అటూ ఇటూ పడితే కింద నలిగేది 14 కిలోల కుక్క. వలలోంచి వాసన వస్తుంది, కనబడుతుంది, అది చాలు. దారిలో ఆగినప్పుడు ఒక్కొక్కరినే దించాలి, ప్రతి కుక్కకూ రెండు లీష్‌లు ఉండాలి, రెండో కుక్క దిగేలోపు మొదటిది కారెక్కాలి. దత్తత వచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఈ మొదటి రోజుల్లోనే. హైవే పక్కన ధాబా దగ్గర లారీ హారన్‌కు బెదిరి పారిపోతే చీకట్లో వెతకడం ఎవరి వల్లా కాదు.

బ్రూనోకు మత్తుమందు అడిగారు, ఇవ్వలేదు. జూలీకి వాంతులు కాకుండా మాత్ర ఇచ్చాం. బయల్దేరేముందు అక్కడి పశువైద్యుడి నుంచి హెల్త్ సర్టిఫికెట్, రేబిస్ టీకా పత్రం తీసుకున్నారు. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం ఆ సర్టిఫికెట్ ఉండాలి.

గిన్నె

ఇల్లు చేరిన మర్నాడు నేనే వెళ్ళాను. అలిసిపోయిన కుక్కలను వెంటనే క్లినిక్‌కు రప్పించడం నాకిష్టం లేదు. భోజనం పెట్టమన్నాను. షెల్టర్‌లో లాగే ఒకే పెద్ద గిన్నెలో అన్నం, చికెన్ కలిపి పెట్టారు.

పక్కన కింద కూర్చుని చూశాను. బ్రూనో నాలుగు గుక్కల్లో తన వైపు ఖాళీ చేసి మధ్యలోకి వచ్చాడు. గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు, భుజం ఆనించాడంతే. జూలీ అప్పటికి రెండు ముద్దలు తింది. ముద్దను ఎడమ దవడకు మార్చుకుని తల ఒక పక్కకు వంచి నములుతోంది. బ్రూనో భుజం తగలగానే పెదవి నాకింది, మొహం పక్కకు తిప్పింది, వెనక్కి తగ్గి కూర్చుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు అది తన వాటా వాడికి వదిలేసినట్టే ఉంటుంది.

అన్యోన్యతకు గుర్తుగా అందరూ ముచ్చటపడిన ఫోటో అదే. ఒకడికి స్థూలకాయం, ఇంకొకదానికి వెన్నెముక తేలడం, రెండూ ఆ గిన్నెలోనే మొదలయ్యాయి. బరువులు కలిపి సగటు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. షెల్టర్‌ను నేను తప్పుపట్టను. అన్ని కుక్కల మధ్య ఒక్కో ముద్దను గమనించే తీరిక వాళ్ళకు ఎక్కడుంటుంది?

"కలిసి తింటుంటే చూడముచ్చటగా ఉండేది, ఇప్పుడు విడదీయమంటున్నారేంటండీ" అని మేడమ్ బాధపడ్డారు. భోజనం ఒక్కటే వేరు, మిగతా రోజంతా వాళ్ళు కలిసే ఉంటారని చెప్పాను. ఆ రోజు నుంచి జూలీ వంటింట్లో తలుపు వేసుకుని, బ్రూనో వరండాలో.

జూలీ ఫైలు

జూలీ గురించి షెల్టర్ రాసిన మాట "చాలా శాంతం". పొట్ట కింద చర్మం మీద సూది మొనంత ఎర్ర చుక్కలు కనిపించాయి, చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 82 వేలు. మామూలుగా 2 లక్షలకు తగ్గకూడదు. ఎర్లికియా పాజిటివ్. ఇది మన ఊళ్ళలో గోధుమరంగు పిడుదుల వల్ల వచ్చే జబ్బు, టిక్ ఫీవర్ అని అందరూ అనేదే. పాతబడితే పెద్దగా జ్వరం కూడా ఉండదు, కుక్క నెమ్మదిస్తుందంతే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9. మూత్రం చిక్కదనం తక్కువ, ప్రోటీన్ పోతోంది. అంటే కిడ్నీ జబ్బు రెండో దశ. పైన కుడి వైపు దంతాలు రెండు కదులుతున్నాయి.

ఆ శాంతం స్వభావం కాదు, నీరసం. బ్రూనో అల్లరి పక్కన ఇది ఎవరికీ కనబడలేదు.

టిక్ ఫీవర్‌కు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన 28 రోజులు ఇచ్చాం. ఈ మాత్ర ఉత్తినే మింగిస్తే గొంతు కింద అంటుకుని పుండు పడుతుంది. అన్నంలో పెట్టి, పైన నీళ్ళు తాగించాలి. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్లు 2.3 లక్షలకు చేరాయి, మూత్రంలో ప్రోటీన్ బాగా తగ్గింది. కిడ్నీ కోసం ఫాస్ఫరస్ తక్కువున్న ఆహారం పెట్టాం. రెండు పూటలా వేరే గదిలో నిదానంగా తినడం వల్ల మూడో నెలకే 16 కిలోలు దాటింది. అప్పుడు తెలిసింది దాని అసలు గుణం. పాలవాడిని చూస్తే మొరుగుతుంది, సార్ చెప్పులు ఎత్తుకుపోతుంది.

బ్రూనో ఫైలు

బ్రూనోకు షెల్టర్‌లో కీళ్ళ నొప్పికి అప్పుడప్పుడు మెలాక్సికామ్ ఇచ్చేవారు. కిడ్నీ, లివర్ పరీక్షలు చూసేదాకా ఆపేశాం. బాగుండటంతో తక్కువ మోతాదులో మళ్ళీ మొదలుపెట్టాం. ఇక్కడ రెండు కుక్కలున్న ఇళ్ళలో జరిగే ఒక ప్రమాదం ఉంది. బ్రూనో మాత్ర జూలీ తింటే దాని కిడ్నీ దెబ్బతింటుంది. అందుకే ఎరుపు డబ్బా, నీలం డబ్బా, తలుపు మూసి మాత్ర వేయడం, మింగాడో లేదో నోరు తెరిచి చూడటం.

బరువు 30 కిలోలకు తేవాలని లక్ష్యం పెట్టుకున్నాం. ఆ బరువుకు విశ్రాంతిలో కావాల్సిన శక్తి రోజుకు దాదాపు 900 కేలరీలు. దాన్నే పరిమితిగా పెట్టి, పొద్దున సార్ టీతో పాటు ఇచ్చే బిస్కెట్లు కూడా అందులోనే లెక్కించాం. బిస్కెట్ల దగ్గర సార్‌కు, నాకు చిన్న యుద్ధమే జరిగింది. చివరికి బీన్స్ ముక్కలకు ఒప్పుకున్నారు.

ఇల్లంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్. వాటి మీద వాడి వెనక కాళ్ళు విడిపోయి జారేవి. గొంతు నరాల జబ్బు చాలా లాబ్రడార్లలో కొంతకాలానికి వెనక కాళ్ళకూ పాకుతుంది కాబట్టి నేల విషయం వాయిదా వేయలేదు. వాడు తిరిగే దారి పొడవునా రబ్బరు మ్యాట్లు, గుమ్మం మెట్ల మీద చెక్క ర్యాంప్. ఖర్చు తక్కువ, ఫలితం ఏ మందుకూ తీసిపోదు. జారతాననే భయం పోయాక, నొప్పి కూడా తగ్గాక, రాత్రిళ్ళు లేచి తిరగడం చాలావరకు ఆగింది. ఆందోళన అనుకున్న దానిలో కొంత భాగం నొప్పేనని అప్పుడు తేలింది. అందుకే ఆందోళనకు వేరే మందు అవసరం పడలేదు.

జూలీ లేకుండా ఉండటం మాత్రం నేర్పించాల్సి వచ్చింది. పిల్లల కోసం అమ్మే చిన్న గేటు హాలుకు, వంటింటికి మధ్య పెట్టాం. మొదట కనబడుతూ, తర్వాత కనబడకుండా, తర్వాత జూలీ మేడమ్‌తో వీధి చివరిదాకా వెళ్ళొచ్చేలా. ఇటు వైపు సార్ పేపర్ చదువుతూ వాడి పక్కనే కూర్చునేవారు. రొప్పు మొదలయ్యేలోపే జూలీ తిరిగి రావాలి, అదొక్కటే నియమం. కొత్త కుక్క సర్దుకోవడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్ల వాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. కుక్కపిల్లలకు సరిపోతుందేమో గానీ, జబ్బులతో వచ్చిన పెద్ద కుక్కలకు దాన్ని గడువులా పట్టుకోవద్దని నా సలహా. బ్రూనో ఒక గంట నిశ్చింతగా ఉండటానికి నాలుగు నెలలు పట్టింది.

పళ్ళ ఆపరేషన్ రోజు

ఈ తయారీ అంతా ఆ రోజు కోసమే. ప్లేట్‌లెట్లు నిలకడగా ఉన్నాయని, బ్రూనో కూడా సిద్ధంగా ఉన్నాడని తేలాకే జూలీ పళ్ళకు తేదీ ఇచ్చాను. ముందు రాత్రి నుంచి సెలైన్, మత్తులో ఉన్నంతసేపూ బీపీ మీద కన్ను. కిడ్నీ బలహీనంగా ఉన్న కుక్కకు బీపీ పడిపోకూడదు. కదులుతున్నవి, వేళ్ళు కుళ్ళినవి కలిపి ఆరు పళ్ళు తీశాం.

అంటే జూలీ ఒక రాత్రి, ఒక పగలు ఇంట్లో లేదు. బ్రూనో రాత్రి రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ సార్ మంచం పక్కకు వచ్చి పడుకున్నాడట. పొద్దున అన్నం తిన్నాడు. తిరిగి తీసుకెళ్ళేటప్పుడు జూలీని నేరుగా ఇంట్లోకి తీసుకెళ్ళొద్దన్నాను. ఆసుపత్రి వాసన, మందుల తూలుడు చూసి రెండో కుక్క కంగారుపడొచ్చు. వీధిలో ఇద్దరినీ పక్కపక్కన కాస్త నడిపించి, తర్వాత ఇంట్లోకి. ఆ రాత్రి మాత్రం వేరువేరు గదుల్లో, నోట్లో కుట్లు ఉన్నాయి కాబట్టి.

ఇప్పటి పరిస్థితి

ఏడాది కావస్తోంది. బ్రూనో 32 కిలోలు. గొంతు శబ్దం ఉంది, పెరగలేదు. ఆపరేషన్‌తో స్వరపేటిక ఒక వైపు తెరిచి కట్టే మార్గం ఉంది గానీ, తర్వాత ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇప్పటికి వద్దనుకున్నాం. జూలీ 17 కిలోలు, క్రియాటినిన్ 1.8 దగ్గర నిలిచింది.

ప్రయాణం, వైద్యం కలిపి మొదటి మూడు నెలల్లో 70 వేల దాకా అయింది. ఈ వయసు కుక్కలకు కొత్తగా బీమా దొరకడం కష్టం కాబట్టి, ఇద్దరి పేరా వేరుగా ఒక ఖాతా పెట్టమన్నాను. దంపతులకు ఏదైనా అయితే కుక్కలను ఎవరు చూడాలన్నది మేనల్లుడితో మాట్లాడి కాగితం మీద రాసుకున్నారు. ఇద్దరినీ కలిపే ఉంచాలని అందులో ఉంది.

ఒకరు ముందు పోయే రోజు గురించీ మాట్లాడుకున్నాం. మేడమ్ కళ్ళు తుడుచుకున్నారు, అయినా వినాలన్నారు. 2022లో ఇటలీలో 426 మంది యజమానులను అడిగి చేసిన అధ్యయనంలో, ఇంట్లో రెండో కుక్క పోయాక మిగిలినది తక్కువ తినడం, తక్కువ ఆడటం, మనిషిని ఎక్కువగా అంటిపెట్టుకోవడం వంటి మార్పులు చాలామంది చూశామన్నారు. మా ప్లాన్ ఇదీ: భోజనం, నడక వేళలు మార్చరు. ప్రతి వారం బరువు చూస్తారు. రెండు రోజులు ముద్ద ముట్టకపోతే బెంగ అనుకోకుండా నా దగ్గరికి తెస్తారు. తోడు కోసమని వెంటనే ఇంకో కుక్కను తేరు. జూలీ ముందు పోతే బ్రూనో పక్కన సార్ ఉంటారు, ఆ అలవాటు ఇప్పటికే పడింది. బ్రూనో ముందు పోతే జూలీ బాగానే ఉందని అనిపించినా, పైకి చెప్పుకోని కుక్క కాబట్టి నెలలోపే రక్త పరీక్ష చేయాలి.

జూలీకి ప్రతి మూడు నెలలకూ కిడ్నీ పరీక్ష. బ్రూనోను మార్చిలోనే ఒకసారి చూడాలి. ఎండలు మొదలయ్యాక వాడి నడక పొద్దున ఆరు లోపే, జూలీకి మాత్రం సాయంత్రం ఇంకో నడక విడిగా.